రెండు అర్రల ఇంట్లో బ్లాక్ అండ్ వైట్ సినిమా: వరంగల్‌లో తక్కువ ఖర్చుతో ఎలా తీయాలి

కలర్‌లో తీసి, ఎడిటింగ్ అయ్యాక రంగు తీసేస్తే బ్లాక్ అండ్ వైట్ సినిమా అయిపోతుందని చాలామంది అనుకుంటారు. అట్లా చేస్తే వచ్చేది బూడిద సినిమా. ముఖం, గోడ, చీర, ఆకాశం అన్నీ ఒకే తీరుగా పాలిపోయి కనిపిస్తాయి. ఏది నల్లగా పోవాలి, ఏది తెల్లగా మెరవాలి అన్నది షూటింగ్‌కి ముందే, ఇంకా చెప్పాలంటే కథ రాసేటప్పుడే తేల్చుకోవాలి. ఈ ఒక్క పని ముందు చేసుకుంటే చేతిలో డబ్బు లేకపోవడం పెద్ద అడ్డంకి కాదు. చీకట్లోకి పోయే గోడకు రంగు వేయించక్కర్లేదు, కనిపించని మూలకు సామాను కొనక్కర్లేదు.

హన్మకొండ, వరంగల్, కాజీపేటల్లో నలుగురైదుగురు స్నేహితులు కలిసి ఇరవై నిమిషాల లోపు సినిమా తీయాలనుకుంటే ఎట్లా మొదలుపెట్టాలో ఇక్కడ చెప్తున్నాను. పరకాల, జనగామ, కరీంనగర్ వాళ్లకూ ఇదే లెక్క.

కథ

ముందు ఇల్లు చూసుకుని, ఆ ఇంటికి సరిపడా కథ రాయండి. కథ రాసుకుని దానికి తగిన ఇల్లు వెతకడం డబ్బున్నవాళ్ల పద్ధతి. రెండు అర్రలు, ఒక వాకిలి, ఇద్దరు మనుషులు. సైకలాజికల్ సినిమాకు ఇంతకంటే ఎక్కువ అవసరం లేదు.

ఒక ఉదాహరణ పట్టుకుని నడుద్దాం. కాజీపేటలో రాత్రి డ్యూటీ చేసే మనిషి. పొద్దున ఇంటికొచ్చి, కిటికీలు మూసి పడుకుంటాడు. కొన్నాళ్లుగా పగటి నిద్ర సరిగా పట్టడం లేదు. తాను పడుకున్న వేళ ఇంట్లో ఎవరో మూడో మనిషి తిరుగుతున్నట్టు అనిపిస్తుంది. భార్యను అడిగితే ఎవరూ రాలేదంటుంది. ఆమె చెప్పేది నిజమా, అతనికి వినిపించింది నిజమా? సినిమా మొత్తం ఈ ఒక్క అనుమానం మీదే నడవాలి. రైలు చూపించే పని లేదు, దూరంగా హారన్ వినిపిస్తే చాలు. రైల్వే పర్మిషన్, ఆ ఫీజు, ఆ తిరుగుడు అన్నీ తప్పుతాయి.

కథ రాసేముందు నిద్రలేమి గురించి కొంచెం చదవండి. నిద్ర పట్టే క్షణంలో ఎవరో పిలిచినట్టు, తలుపు కొట్టినట్టు వినిపించడం ఆరోగ్యంగా ఉన్నవాళ్లకూ జరుగుతుంది. మెలకువ వచ్చినా కాళ్లూచేతులూ కదలకుండా, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు అనిపించే స్లీప్ పెరాలిసిస్ కూడా అంతే. నిద్ర వేళలు తప్పేవాళ్లకు అది ఎక్కువ. మన ఊళ్లలో దాన్ని దయ్యం పట్టిందంటారు. మీ కథకు దయ్యం కంటే ఇదే బలం. వీలైతే ఒక సైకియాట్రిస్ట్‌తో అరగంట మాట్లాడి, స్క్రిప్ట్‌లో అతని ప్రవర్తన నమ్మేట్టుగా ఉందో లేదో అడగండి. నాదొక అభ్యర్థన కూడా ఉంది: ఆఖర్లో హీరో కత్తి పట్టుకుని తిరిగే సైకోగా మారకూడదు. మన సినిమాల్లో ఆ మాటను ఎంత అరగదీశారంటే, నిజంగా మనసు బాగాలేనివాళ్లు డాక్టర్ దగ్గరికి వెళ్లడానికే జంకుతున్నారు.

స్క్రిప్ట్‌లో ప్రతి సీన్ పక్కన రెండు మాటలు రాసుకోండి: ఈ సీన్‌లో ప్రేక్షకుడు ఏది చూడాలి, ఏది సరిగ్గా కనపడకూడదు. లైటింగ్ చేసేవాడికి అసలు స్క్రిప్ట్ ఆ రెండో మాటే.

ఎప్పుడు తీయాలి

ఆషాఢంలో తీయండి. లేదంటే మూఢం చూసుకుని తీయండి. పెళ్లిళ్లు ఉండవు కాబట్టి హన్మకొండలో, వరంగల్‌లో పెళ్లి వీడియోలు తీసే అన్నల కెమెరాలు, లెన్సులు, ఎల్‌ఈడీ ప్యానెళ్లు, స్టాండ్లు అన్నీ బీరువాల్లో ఉంటాయి. ముహూర్తాల రోజుల్లో చెప్పే కిరాయికీ అప్పుడు చెప్పే కిరాయికీ పొంతనే ఉండదు. నాలుగు రోజులకు కలిపి మాట్లాడుకుంటే ఇంకా తగ్గిస్తారు. కెమెరాతో పాటు మనిషి కూడా వస్తానంటే రానివ్వండి, ఫోకస్ పట్టడంలో వాళ్ల చేయి చాలా నిలకడగా ఉంటుంది. కాకపోతే స్లో మోషన్, గింబల్ (కెమెరా కుదపకుండా పట్టే పరికరం) తిప్పుడు మాత్రం వద్దని మొదటి రోజే నవ్వుతూ చెప్పేయండి.

ఆషాఢంలో ఇంకో లాభం, మబ్బు. బయటి వెలుగు మెత్తగా, రోజంతా ఒకేలా ఉంటుంది, షాటుకూ షాటుకూ కంటిన్యూటీ దెబ్బతినదు. మే నెలలో అయితే నడినెత్తి ఎండకు కళ్ల గుంటలన్నీ నల్లబడతాయి, మూసిన అర్రలో ఆర్టిస్టులు చెమటతో తడిసిపోతారు. మేడారం జాతర జరిగే ఏడు మాఘమాసంలో అసలు పెట్టుకోకండి. ఒక్క కారు కిరాయికి దొరకదు, రోడ్ల మీద కదలిక ఉండదు. బతుకమ్మ రోజుల్లో సాయంత్రం సౌండ్ రికార్డింగ్ మీద ఆశ వదులుకోవాలి.

ఇల్లు, అనుమతులు

మట్టెవాడ, గిర్మాజిపేట, కొత్తవాడ వైపు ఇంకా కొన్ని పాత పెంకుటిండ్లు ఉన్నాయి. దూలాలు, దంతెలు, గోడలో దీపం గూళ్లు, చెక్క దర్వాజలు, నడుమ వాకిలి. సున్నం పొరలు పెచ్చులూడిన గోడ మీద పక్కనుంచి వెలుగు పడితే, ఏ ఆర్ట్ డైరెక్టరూ చేయలేని పని అది చేస్తుంది. ప్లాస్టిక్ ఎమల్షన్ వేసిన కొత్త గోడకు ఆ గుణం లేదు.

ఇల్లు చూడటానికి వెళ్లేటప్పుడు ఫోన్ కెమెరాను మోనో ఫిల్టర్‌లో పెట్టుకుని వెళ్లండి. రంగులో బాగున్న చోట్లు సగం అక్కడే తేలిపోతాయి. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మూడు పూటలా వెళ్లి ఏ కిటికీలోంచి ఎప్పుడు వెలుగు వస్తుందో రాసుకోండి. ఫ్యాన్ ఎంత చప్పుడు చేస్తుంది, పక్కింటి బోరు మోటారు ఎప్పుడు వేస్తారు అన్నవి కూడా అప్పుడే తెలుసుకోవాలి.

కోట, వేయిస్తంభాల గుడి, రామప్ప ఫ్రేములో ఉంటే బాగుండునని అనిపిస్తుంది. అవన్నీ ఆర్కియాలజీ శాఖ రక్షణలో ఉన్నాయి. ఫోన్‌తో ఫొటో తీసుకోవడం వేరు, ట్రైపాడ్ పెట్టి సినిమా తీయడం వేరు. దానికి ముందుగా దరఖాస్తు పెట్టి, ఫీజు కట్టి, అనుమతి తెచ్చుకోవాలి. అసలు నిద్రపట్టని మనిషి కథలో కీర్తితోరణం ఎందుకు? అది రాగానే ప్రేక్షకుడు కథలోంచి లేచి టూరిజం వీడియోలోకి వెళ్లిపోతాడు. బయటి షాట్ కావాలంటే ఊరి చుట్టూ గుట్టలున్నాయి. మన గ్రానైట్ బండ కలర్‌లోనే సగం బ్లాక్ అండ్ వైట్. గల్లీలో తీస్తే ఆ ఏరియా పోలీస్ స్టేషన్‌లో ఒక కాగితం ఇచ్చి, చుట్టుపక్కల నాలుగిళ్లకు ముందురోజే చెప్పి రండి. ఇంటివాళ్లతో రోజులు, కరెంటు బిల్లు, గోడకు మేకు కొట్టొచ్చా లేదా అన్నది కాగితం మీద రాసుకుంటే తర్వాత మాట రాదు.

రంగులు ఏ బూడిదగా మారతాయి

ఇది తొందరగా దాటేసే విషయం కాదు. కెమెరా ప్రతి బొమ్మనూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు ఛానెళ్లలో రాసుకుంటుంది. రంగు తీసేయడం అంటే ఆ మూడింటినీ ఏదో ఒక పాళ్లలో కలిపి ఒక్కటి చేయడమే. మామూలుగా సాఫ్ట్‌వేర్ తనంతట తాను చేసినప్పుడు హెచ్‌డీ వీడియో లెక్కన ఆకుపచ్చకు సుమారు 72 శాతం, ఎరుపుకు 21, నీలానికి 7 శాతం వాటా వేస్తుంది. ఆ పాళ్లు మీ చేతిలోకి తీసుకుంటే ఒకే షాట్ నుంచి మూడు నాలుగు వేరు వేరు సినిమాలు వస్తాయి.

దీన్ని ఇంటి గడప దగ్గరే నేర్చుకోవచ్చు. పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టిన గడపను ఫోన్‌తో ఫొటో తీయండి. కంప్యూటర్లో ఒక్కో ఛానెల్ విడిగా చూడండి. ఎరుపు ఛానెల్లో పసుపు తెల్లగా, కుంకుమ కూడా తెల్లగానే ఉంటుంది, బొట్లు మాయమవుతాయి. నీలం ఛానెల్లో పసుపు, కుంకుమ రెండూ నల్లబడతాయి, అక్కడా బొట్లు ఉండవు. ఆకుపచ్చ ఛానెల్లో మాత్రం తెల్లటి గడప మీద నల్లటి బొట్లు చక్కగా నిలబడతాయి. ముగ్గు మూడింటిలోనూ తెల్లగానే ఉంటుంది. ఈ పరీక్ష ఒక్కసారి చేస్తే పుస్తకాలు చదవాల్సిన పని సగం తప్పుతుంది.

ఇక బట్టలు. ముదురు ఎర్ర చీర, ముదురు ఆకుపచ్చ జాకెట్ కంటికి ఎంత తేడాగా ఉన్నా తెర మీద ఒకే బూడిద ముద్ద అవుతాయి. కాబట్టి రంగు చూసి కాకుండా వెలుగు, చీకటి చూసి బట్టలు ఎంచండి. భర్తకు గోడ కంటే ముదురు చొక్కా, భార్యకు గోడ కంటే లేత చీర అనుకుంటే, వెలుగు తక్కువున్నా ఇద్దరినీ విడదీసి చూపించవచ్చు. సన్న గళ్లు, సన్న చారల బట్టలు వద్దు, కెమెరాలో అలలు అలలుగా మెరుస్తాయి. నేత ఆకృతి కనిపించే ముతక బట్ట, గొంగడి, కొత్తవాడ జంపఖానా లాంటివి బ్లాక్ అండ్ వైట్‌కు బంగారం. రంగు పోయిన చోట కంటికి పట్టు దొరికేది ఆకృతి దగ్గరే. అరుగుకు పూసిన జాజు ముదురు బూడిదగా మారి, ఫ్రేము అడుగున బరువు ఇస్తుంది. దాన్ని కడిగేయకండి.

ముఖాల దగ్గర ఒక జాగ్రత్త. ఎరుపు ఛానెల్ ఎక్కువ కలిపితే చర్మం నున్నగా, తెల్లగా అయిపోతుంది, మచ్చలు పోతాయి. అందుకే చాలామందికి అది తెగ నచ్చుతుంది. నాకు నచ్చదు. చామనఛాయ ముఖాన్ని తెల్లబరచి చూపించే ఆ జబ్బు మనకు పోస్టర్లలో ఉన్నది చాలు. ఆకుపచ్చ ఎక్కువగా ఉంచితే ముఖంలో గీతలు, కళ్ల కింది నలుపు నిజంగా కనిపిస్తాయి, నిద్రలేని మనిషి కథకు కావాల్సింది కూడా అవే. పౌడర్ తగ్గించి, నుదుటి మీద, బుగ్గ ఎముక మీద ఒక చుక్క కొబ్బరి నూనె తుడిచి చూడండి. నల్లటి చర్మం మీద ఆ మెరుపు ఎంత బాగుంటుందో కెమెరాలో చూస్తే తప్ప నమ్మలేరు.

వెలుగు

కావాల్సిన సామాను: 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు నాలుగు, హోల్డర్లు, పొడవాటి వైరు, రెండు థర్మకోల్ షీట్లు, బటర్ పేపర్, నాలుగైదు మీటర్ల నల్లగుడ్డ, బట్టలారేసే క్లిప్పులు. వీటితో పాటు పెళ్లిళ్ల అన్న దగ్గర తెచ్చిన ఒక ఎల్‌ఈడీ ప్యానెల్. అంతే.

చిన్న ఇంట్లో పెద్ద సమస్య తెల్ల సున్నం గోడలు. ఒక్క బల్బు వేస్తే అర్ర అంతా వెలుగు నిండి, చీకటి అన్నదే మిగలదు. దీనికి మందు దూరం. వెలుగు దూరంతో పాటు మామూలుగా తగ్గదు, దూరం రెండింతలైతే వెలుగు నాలుగో వంతు అవుతుంది. బల్బును ముఖానికి రెండడుగుల దూరంలో, ఫ్రేముకు అంచున పెట్టండి. వెనక గోడ ఆ బల్బుకు ఎనిమిది అడుగుల దూరంలో ఉండేట్టు మనిషిని ముందుకు జరపండి. ముఖం మీద పడే వెలుగులో పదహారో వంతే గోడకు చేరుతుంది, అంటే నాలుగు స్టాపులు తక్కువ (వెలుగు సగానికి తగ్గితే ఒక స్టాపు). తెల్ల గోడ కూడా చీకట్లోకి పోతుంది. ఎదుటి గోడ నుంచి తిరిగి వచ్చే వెలుగును ఆపడానికి కెమెరా పక్కన నల్లగుడ్డ వేలాడదీయండి. మన దగ్గర వెలుగు కొనడం కష్టం కాదు, ఆపడమే కష్టం. అందుకే బల్బుల కంటే నల్లగుడ్డ మీద ఎక్కువ ఖర్చు పెట్టమంటాను.

ముఖంలో వెలుగు పడే వైపుకూ నీడ వైపుకూ మూడు స్టాపుల తేడా ఉంటే అనుమానం, టెన్షన్ వస్తాయి. భార్యతో మామూలుగా మాట్లాడే సీన్లలో ఆ తేడా ఒకటిన్నర దాకా తగ్గించండి. కథ ముదిరేకొద్దీ తేడా పెంచుకుంటూ పోవాలి. మొదటి సీన్ నుంచే సగం ముఖం చీకట్లో పెడితే ఆఖరి సీన్‌కు చేయడానికి ఏమీ మిగలదు. ఒక ముఖ్యమైన విషయం, నల్లటి జుట్టు నల్లటి గోడలో కలిసిపోయి తల సగం కోసినట్టు కనిపించకుండా వెనక నుంచి, పై నుంచి సన్నటి బ్యాక్ లైట్ పెట్టండి. దూలానికి కట్టిన ఒక బల్బు, దాని చుట్టూ నల్ల అట్ట, అది చాలు. అతనికి తన మీద తనకే నమ్మకం పోయే సీన్‌లో మాత్రం ఆ బ్యాక్ లైట్ కావాలనే ఆర్పేయండి.

వాకిలి ఉన్న ఇంట్లో పగటి సీన్లకు ఒక పాత ఉపాయం పనికొస్తుంది. 1956 నాటి అపరాజితో సినిమాలో కాశీ ఇంటిని సెట్ వేసినప్పుడు, ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర వాకిలి పైన తెల్లగుడ్డ పరిచి, స్టూడియో లైట్లను కింది నుంచి దాని మీదికి కొట్టి, తిరిగి పడే వెలుగుతో ఆకాశపు వెలుగును తెచ్చాడు. సెట్ అని ఎవరూ పోల్చుకోలేకపోయేంత సహజంగా వచ్చింది. మీరు పంచెలు రెండు కుట్టి వాకిలికి అడ్డంగా కట్టి, ప్యానెల్ లైటును దాని మీదికి తిప్పితే సాయంత్రం ఆరు దాటాక కూడా పగటి సీన్ తీయవచ్చు. ఎండ కొట్టే రోజు అదే పంచె ఎండను మెత్తబరుస్తుంది.

వెలుగు చార కంటికి కనిపించాలంటే గాల్లో కొంచెం పొగ ఉండాలి. పొగ మెషీన్ అక్కర్లేదు, సాంబ్రాణి వేసి, తలుపులు మూసి, పొగ సమంగా పరుచుకునే దాకా ఆగండి. దట్టంగా ఉంటే అబద్ధంలా కనిపిస్తుంది. యూనిట్‌లో ఆయాసం ఉన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా అని ముందే అడగండి. ప్రతి టేక్‌కూ పొగ ఒకేలా ఉండదు కాబట్టి అలాంటి సీన్ ఒకే షాట్‌లో తీయడం మేలు.

బ్లాక్ అండ్ వైట్ ఇచ్చే పెద్ద వరం, ట్యూబులైటు, పసుపు బల్బు, కిటికీ వెలుగు మూడూ ఒకే ఫ్రేములో కలిపినా రంగు తేడా గొడవ లేకపోవడం. కలర్ సినిమా వాళ్లు దీనికే ఎంతో కష్టపడతారు.

మాయమయ్యే బొట్టు

మన ఉదాహరణ కథలో ఒక క్షణం ఉందనుకోండి. భర్త కళ్ల ముందే భార్య నుదుటి మీద బొట్టు మెల్లగా మాయమవుతుంది. అతని భయం ఏమిటో ఒక్క మాట లేకుండా తెలిసిపోతుంది. దీనికి గ్రాఫిక్స్ అవసరం లేదు. 1931 నాటి డాక్టర్ జెకిల్ అండ్ మిస్టర్ హైడ్‌లో కెమెరామన్ కార్ల్ స్ట్రస్ చేసింది ఇదే. ఎర్ర మేకప్ వేసి, లెన్సు ముందు రంగు ఫిల్టరు మారుస్తుంటే, కట్ లేకుండా నటుడి ముఖం మారిపోయింది. ఎర్ర వెలుగులో ఎర్ర గీత కనపడదు, ఆకుపచ్చ వెలుగులో నల్లగా తేలుతుంది. కిటుకు ఇంతే.

మీకు కావాల్సింది ఫోన్ యాప్‌తో రంగులు మారే స్మార్ట్ బల్బులు రెండు. గదిలో వేరే వెలుగు ఏదీ ఉండకూడదు. కుంకుమ పొడి కంటే మంచి ఎర్ర లిక్విడ్ బొట్టు గానీ లిప్‌స్టిక్ గానీ వాడండి, అంచు శుభ్రంగా ఉంటుంది, చర్మానికి హాని ఉండదు. షాట్ ఆకుపచ్చ వెలుగులో మొదలుపెట్టండి: బొట్టు నల్లగా కనిపిస్తుంది. ఐదారు సెకన్లలో మెల్లగా ఎరుపుకు మార్చండి: బొట్టు చర్మంలో కలిసిపోతుంది. వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే కనపడేట్టు కెమెరా రంగును సర్దే సెట్టింగ్) లాక్ చేసి ఉండాలి, లేకపోతే కెమెరా తెలివి చూపించి రంగును సరిచేయబోతుంది. ఎరుపు ఛానెల్ చప్పున తెల్లగా మాడిపోతుంది కాబట్టి మామూలు హిస్టోగ్రామ్ (ఫ్రేములో వెలుగు ఎంతెంత ఉందో చూపే గ్రాఫ్) కాకుండా మూడు రంగులూ విడిగా చూపేది పెట్టుకుని, ఎరుపును కొంచెం తక్కువలోనే ఉంచండి. తర్వాత కంప్యూటర్లో ఎరుపు, ఆకుపచ్చ సమపాళ్లలో కలపాలి. ఒక్క ఛానెలే ఉంచితే సగం షాట్ నల్లబడిపోతుంది. రెండు వెలుగుల్లోనూ బుగ్గ ఒకే బూడిదగా ఉండేట్టు బల్బుల వెలుగు సరిచూసుకోవడమే ఇందులో అసలు శ్రమ. దీనికి ఒక పూట పూర్తిగా కేటాయించండి, ఆర్టిస్ట్‌ను పిలవకముందే స్నేహితుల్లో ఎవరినైనా కూర్చోబెట్టి ప్రాక్టీస్ చేయండి.

చీర కూడా ఎర్రదైతే అది కూడా రంగు మారుతుంది. ఆ షాట్‌కు తెల్ల చీర గానీ బూడిద చీర గానీ కట్టించండి. ఇదే కిటుకుతో కళ్ల కింద ఎర్ర గీతలు గీసి, కూర్చున్న చోటనే మనిషి వయసు పదేళ్లు పెంచవచ్చు. కానీ సినిమా మొత్తంలో ఒక్కసారే వాడండి.

కెమెరా సెట్టింగులు

మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెడితే చవక బల్బులు కూడా మినుకుమినుకుమనవు. ఫోన్‌తో తీస్తుంటే బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఉచితం, అందులో షట్టర్, ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి), ఫోకస్, వైట్ బ్యాలెన్స్ నాలుగూ లాక్ చేయవచ్చు. కెమెరాలో మోనోక్రోమ్ ప్రొఫైల్ పెట్టి రికార్డ్ చేయకండి. ఛానెళ్లతో ఆడుకునే అవకాశం అక్కడితో పోతుంది. తెర మీద బ్లాక్ అండ్ వైట్‌లో చూసుకుంటూ, ఫైల్ కలర్‌లో రాసుకునే పద్ధతి ఉంటే అది పెట్టుకోండి. 8 బిట్ కెమెరా అయితే లాగ్ (తర్వాత సరిదిద్దుకోవడానికి బాగా పాలిపోయినట్టు రికార్డ్ చేసే పద్ధతి) జోలికి వెళ్లకుండా, కాంట్రాస్ట్ తగ్గించిన మామూలు ప్రొఫైల్ వాడండి. లేకపోతే గోడ మీద వెలుగు మెల్లగా తగ్గే చోట మెట్లు మెట్లుగా చారలు వస్తాయి.

లెన్సు ఒక్కటే చెప్పమంటే 50 ఎంఎం ఎఫ్ 1.8. చవక, ఇంట్లో వెలుగుకు సరిపోతుంది. అర్రలు ఇరుకైతే 24 కానీ 28 కానీ తోడు పెట్టుకోండి. ఫ్రేము 4:3 అనుకుంటే మానిటర్ రెండు పక్కలా నల్ల టేపు అంటించి తీయండి. దాదాపు చదరంగా ఉండే ఆ ఇరుకు ఫ్రేములో మనిషికి ఊపిరాడనట్టు ఉంటుంది, పైగా పక్కన దాచాల్సిన సామానూ తగ్గుతుంది.

100 మెగాబిట్లలో రికార్డ్ చేస్తే గంటకు సుమారు 45 జీబీ అవుతుంది. ఆ రోజు తీసింది ఆ రాత్రే రెండు హార్డ్ డిస్కుల్లోకి, రెండూ వేరు వేరు ఇళ్లలో.

ఆర్టిస్టులతో

కాకతీయ యూనివర్సిటీలో, నిట్‌లో, ఊళ్లోని నాటక సంఘాల్లో చేసేవాళ్లు దొరుకుతారు. నాటకం వాళ్లకు గొంతు, ధారణ బాగుంటాయి, ముఖం మాత్రం క్లోజప్‌కు పెద్దదైపోతుంది. వాళ్లకు డైలాగ్ ఇవ్వకుండా పని ఇవ్వండి: అన్నం కలుపుతూ ఆగిపోవడం, తాళం వేసి మళ్లీ వచ్చి లాగి చూడటం. అనుమానాన్ని నటించమని చెప్తే కనుబొమ్మలు ఎగరేస్తారు. తాళం రెండోసారి లాగి చూడమంటే అనుమానం దానంతటదే వస్తుంది. మాటలు మన యాసలోనే ఉండనివ్వండి. "ఎవరొచ్చిండ్రు?" అని అడిగే మనిషి చేత "ఎవరొచ్చారు?" అనిపిస్తే ఆ ఇల్లు ఇక అతనిది కాదు.

మొదటి రోజు తేలిక సీన్లు పెట్టండి. భయం, ఏడుపు సీన్లు మూడో రోజు. భోజనం వేళకు పెట్టండి, కెమెరా కిరాయి కంటే భోజనాల ఖర్చే ఎక్కువైతే ఆశ్చర్యపోవద్దు. డబ్బు తీసుకోకుండా వచ్చినవాళ్లకు వేడి అన్నం కూడా పెట్టకపోతే రెండో సినిమాకు ఎవరూ రారు.

శబ్దం

బొమ్మ సగం చీకట్లో ఉన్న సినిమాలో మిగతా సగం చెవులే చూస్తాయి. చిన్న రికార్డర్ ఒకటి, చొక్కా మైకు ఒకటి చాలు, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో పెట్టండి. టేక్ నడిచేటప్పుడు ఫ్యాను, ఫ్రిజ్ ఆపేయండి. ఫ్రిజ్ ఆపినప్పుడు మీ బండి తాళంచెవి అందులో పెట్టండి, ఇంటికి పోయేముందు మళ్లీ ఆన్ చేయడం మరిచిపోరు.

సీన్ అయిపోగానే అందరినీ కదలకుండా నిలబెట్టి ఒక నిమిషం ఖాళీ గది చప్పుడు రికార్డ్ చేయండి. నిశ్శబ్దం అని మనం అనుకునేది ప్రతి అర్రలోనూ వేరేగా ఉంటుంది, ఎడిటింగ్‌లో అతుకులు దాచేది అదే. తర్వాత విడిగా తెచ్చుకోవాల్సినవి: చెక్క దర్వాజ గొళ్లెం, పెంకుల మీద పావురాల నడక, ఫ్యాను కిర్రుమనడం, అర్ధరాత్రి దూరంగా కాజీపేట వైపు నుంచి వచ్చే రైలు హారన్, అదే హారన్ మూసిన కిటికీ లోపలి నుంచి.

మన కథకు శబ్దంలోనే ఒక నియమం పెట్టుకోవచ్చు. పావురాలు ఎప్పుడూ పగలే, హారన్ ఎప్పుడూ రాత్రే. సగం సినిమా దాటాక పగటి సీన్‌లో మొదటిసారి హారన్ వినిపించండి. ప్రేక్షకుడు ఎందుకో చెప్పలేడు గానీ కుర్చీలో సర్దుకుంటాడు. ఉలిక్కిపడే పెద్ద చప్పుళ్లు వద్దు, వాటి ఫలితం రెండు సెకన్లే.

డైలాగ్ చెడిపోతే డబ్బింగ్ చెప్పించండి, మనకది కొత్త కాదు. స్టూడియో లేకపోతే అదే అర్రలో, చుట్టూ బొంతలు వేలాడదీసి చెప్పించండి. సంగీతం ఇంటర్నెట్ నుంచి ఎత్తుకొస్తే కాపీరైట్ దెబ్బ పడుతుంది. ఒక్క హార్మోనియం శ్రుతిని మెల్లగా కిందికి జార్చి వాడుకున్నా ఈ కథకు సరిపోతుంది.

ఎడిటింగ్, గ్రేడింగ్, బయటికి పంపడం

డావిన్చి రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ చాలు. ఎడిటింగ్ మొత్తం రంగు తీసేసే చేయండి, కలర్‌లో ఎడిట్ చేస్తే కన్ను వేరే చోటికి పోతుంది. గ్రేడింగ్‌లో, అంటే వెలుగునీడలు సరిదిద్దే దశలో, ఆర్‌జీబీ మిక్సర్‌కు వెళ్లి మోనోక్రోమ్ టిక్ పెడితే మూడు ఛానెళ్ల పాళ్లు మీ చేతికి వస్తాయి. మామూలు సీన్లకు ఎరుపు 35, ఆకుపచ్చ 55, నీలం 10తో మొదలుపెట్టి చూడండి. అతని మనసు చెదిరే సీన్లలో నీలం 30 దాకా పెంచి ఎరుపు తగ్గిస్తే చర్మం ముదురుతుంది, ముఖం అలిసిపోయినట్టు కనిపిస్తుంది. నీలంలో నాయిస్ (చుక్కలు చుక్కలుగా కదిలే గరుకు) ఎక్కువ కాబట్టి దాన్ని దాటి పోవద్దు. కొంచెం గ్రెయిన్ (ఫిల్ము రేణువుల్లాంటి గరుకుదనం) క్లిప్ పైన వేస్తే గోడల మీది చారలు కలిసిపోతాయి. సెపియా, నీలి ఛాయ లాంటివి కలపకండి. ఫ్రేములో ఎక్కడో ఒక చోట పూర్తి నలుపు, ఒక చోట దాదాపు తెలుపు ఉన్నాయో లేదో స్కోపులో (వెలుగు స్థాయిలు చూపే గ్రాఫ్‌లో) చూసుకోండి. అయిపోయాక ఫోన్‌లో, ఇంటి టీవీలో, ఎవరిదైనా ప్రొజెక్టర్‌లో మూడు చోట్లా వేసి చూడాలి. ల్యాప్‌టాప్‌లో కనిపించిన నీడల వివరం ప్రొజెక్టర్ మీద మొత్తం పోవచ్చు, అప్పుడు నీడలను కొంచెం పైకి లేపండి.

యూట్యూబ్‌లో పెడితే హెచ్‌డీలో తీసింది కూడా 4కేకి పెంచి అప్‌లోడ్ చేయండి, కుదింపు తక్కువ పడి గ్రెయిన్ నిలుస్తుంది. థియేటర్లో టికెట్ పెట్టి వేయాలంటే సెన్సార్ సర్టిఫికెట్ కావాలి. ఫెస్టివల్ వాళ్లు డీసీపీ (థియేటర్ ప్రొజెక్టర్లలో వేసే డిజిటల్ ఫైళ్ల ప్యాకేజీ) అడిగితే డీసీపీ-ఓ-మ్యాటిక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఇంట్లోనే చేసుకోవచ్చు. సబ్‌టైటిల్స్ తెల్లటి ఫ్రేములో కనిపించాలంటే అక్షరాలకు సన్నటి నల్ల అంచు ఇవ్వండి. ఆఖరి టైటిల్ కార్డు మీద ఇల్లు ఇచ్చినవాళ్ల పేరు, కెమెరా ఇచ్చిన అన్న పేరు స్పెల్లింగ్ తప్పు లేకుండా రాయండి, వాటి కింద ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 వేసి, చదవడానికి సరిపడా ఐదు సెకన్లు ఉంచండి.